168 మందికి ఇంకాల సామ్రాజ్యం ఎలా లొంగింది?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. పిజారో అనే స్పెయిన్ వాడు 168 మందితో వెళ్ళి పెరూలో ఇంకాల రాజ్యాన్ని గెలిచేశాడని ఎక్కడో చదివి, "అక్కడివాళ్ళు అంత చేతగానివాళ్ళా నాన్నా?" అని అడిగాడు. తుపాకులు, గుర్రాలు అని ఏదో చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు. అసలు సంగతేంటి?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: చేతగానితనం ఎంతమాత్రం కాదని ముందు అబ్బాయికి గట్టిగా చెప్పండి. 168 అన్న అంకె నిజమే. కానీ ఆ అంకె ఒక్కటే చెప్పి వదిలేస్తే కథ మొత్తం తప్పుదారి పడుతుంది.

పిజారో రాకముందే, 1520ల్లో, అక్కడి చక్రవర్తి వైనా కపాక్ ఏదో అంటువ్యాధితో చనిపోయాడు, అది మశూచే అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అంటే తెల్లవాడు ఇంకా కంటికి కనబడకుండానే వాడి రోగం ముందు వచ్చేసింది. తండ్రి పోయాక కొడుకులు వాస్కార్, అతావాల్పా గద్దె కోసం ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు, ఊళ్ళకు ఊళ్ళు పాడయ్యాయి. 1532లో అతావాల్పా గెలిచి ఇంకా ఊపిరి కూడా తీసుకోలేదు, అప్పుడు దిగాడు పిజారో.

ఆ ఏడాది నవంబరు 16న కహమార్కా అనే కొండ ఊళ్ళో ఏం జరిగిందో చూడండి. మాట్లాడుకుందాం రమ్మని పిలిస్తే అతావాల్పా పల్లకీలో వచ్చాడు, వెంట వేలమంది పరివారం, వాళ్ళలో ఎక్కువమంది చేతుల్లో ఆయుధాలు లేవు. నాలుగు వైపులా కట్టడాలు, గోడలు ఉన్న మైదానం అది. స్పెయిన్ వాళ్ళు ఆ కట్టడాల్లో దాక్కున్నారు. ఒక పాద్రీ ముందుకొచ్చి మతపుస్తకం చేతికిస్తే రాజు దాన్ని విసిరేశాడు, అంతే, ఫిరంగి పేలింది, గుర్రాలు జనం మీదికి దూకాయి. ఆ జనం గుర్రాన్ని ఎన్నడూ చూసినవాళ్ళు కాదు. తప్పించుకునే దారి లేక ఎంతమంది ఒక్కసారిగా తోసుకున్నారంటే ఆ ఒత్తిడికి ఒకవైపు గోడ కూలిపోయింది. దీన్ని యుద్ధం అనడానికి నాకు మనసొప్పదు, అది నమ్మించి చేసిన ఊచకోత.

బందీగా చిక్కిన రాజు తర్వాత విడుదల కోసం ఒక గది చూపించాడు, దాదాపు 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు. మనిషి చెయ్యెత్తితే అందే ఎత్తు వరకూ ఒకసారి బంగారం, రెండుసార్లు వెండి నింపిస్తానన్నాడు. అన్నమాట ప్రకారం తెప్పించాడు కూడా. గుళ్ళ గోడలకున్న రేకులు, పాత్రలు, బొమ్మలు అన్నీ కరిగించి పంచుకుని, 1533లో ఆయన గొంతు బిగించి చంపేశారు.

రాజు పోయినంత మాత్రాన రాజ్యం లొంగిందా అంటే, లేదు. స్పెయిన్ వాళ్ళు గద్దెనెక్కించిన మాంకో ఇంకాయే 1536లో తిరగబడి కుస్కో నగరాన్ని నెలల తరబడి ముట్టడించాడు. ఆ సంతతి విల్కబాంబా అడవుల్లో 1572 దాకా నిలిచి పోరాడింది. అంటే పిజారో దిగిన దగ్గర్నుంచి 40 ఏళ్ళు! పైగా ఇంకాల పెత్తనం నచ్చని కన్యారీ, వాంకా వంటి స్థానిక జాతులు స్పెయిన్ వైపు చేరాయి. మెక్సికోలోనూ ఇంతే, 1521లో అక్కడ ఏలుతున్న ఆజ్టెక్కుల రాజధాని టెనోచ్టిట్లాన్‌ను ముట్టడించింది కోర్టెస్ అనే స్పెయిన్ సేనాని వెంట వచ్చిన కొన్ని వందలమంది మాత్రమే కాదు, ఆజ్టెక్కులంటే పగతో రగిలిపోతున్న త్లాష్కలా వాళ్ళూ, మరికొందరూ కలిసి వేలూ లక్షల్లో వచ్చారు. ఏడాది ముందే మశూచి ఆ నగరాన్ని ఊడ్చేసింది, కొత్త రాజు క్విట్లావాక్ పట్టుమని మూడు నెలలు కూడా ఏలకుండా దానికే బలయ్యాడు.

ప్రశ్న: డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు మన తీరానికీ వచ్చారు కదా. మరి అమెరికాలో లాగా మన జనం ఎందుకు తుడిచిపెట్టుకుపోలేదు?
– ఒక పాఠకురాలు, భీమిలి

జవాబు: మీ ఊళ్ళోనే సగం జవాబు ఉంది. డచ్చి సమాధుల దగ్గరికి వెళ్ళి చూడండి, ఇక్కడ రోగాలకు వాళ్ళే రాలిపోయేవారు. మశూచి మనకు కొత్త కాదు, అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి తరతరాలుగా అనుభవించిన బాధే. చిన్నప్పుడు వచ్చి బతికినవాళ్ళకి అది మళ్ళీ వచ్చేది కాదు, కాబట్టి ఊళ్ళో అందరూ ఒక్కసారే మంచం పట్టడం ఉండేది కాదు. అమెరికా ఖండాల్లో పశువులు, పందులు, కోళ్ళ మధ్య బతికే అలవాటు అప్పట్లో మనకున్నంత లేదు. మశూచి, తట్టు లాంటివి వాళ్ళ ఒంటికి బొత్తిగా తెలియవు. ఇంట్లో అందరూ ఒకేసారి పడిపోతే నీళ్ళిచ్చేవాళ్ళు లేక, పంట కోసేవాళ్ళు లేక పోయినవాళ్ళు ఎందరో.

అలాగని తప్పంతా రోగాల మీదికి నెట్టేయకండి. 1492లో కొలంబస్ దిగిన దీవుల్లో టైనో జనాన్ని బంగారం కోసం గనుల్లో, పొలాల్లో వెట్టికి తోలారు. తిండీ విశ్రాంతీ లేని ఒంటికి రోగం తగిలితే ఎవరైనా ఎలా తట్టుకుంటారు? 1545లో బొలీవియా కొండల్లో పొటోసీ దగ్గర వెండి బయటపడ్డాక చుట్టుపక్కల ఊళ్ళనుంచి వంతులవారీగా మగవాళ్ళని పట్టుకెళ్ళారు. అమెరికా గనుల వెండే ఓడలెక్కి యూరప్ మీదుగా మన కోరమాండల్ తీరానికీ వచ్చింది, మన నేతగాళ్ళు నేసిన గుడ్డ కొన్నది దానితోనే. ఇక్కడ వాళ్ళకి గుడ్డ కావాలి, కాబట్టి నేసే చెయ్యి బతికుండాలి. అక్కడ వాళ్ళకి నేల కావాల్సొచ్చింది. మన మీద దోపిడీ తక్కువని కాదు, దాని తీరు వేరు.

ప్రశ్న: మిరపకాయ మనది కాదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: నిజం. అది పోర్చుగీసు వాళ్ళు అమెరికా ఖండాల నుంచి తెచ్చింది. అంతకుముందు మనకు కారం అంటే మిరియం, పిప్పలి. పిప్పలి ఇప్పటికీ పాడేరు వైపు పండిస్తున్నారు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిమామిడి, జామ, బొప్పాయి, మొక్కజొన్న, చింతపల్లి రాజ్మా, చివరికి మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ళు నిప్పుకొన నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్టలోని పొగాకు కూడా అక్కడిదే. ఇవేవీ అడవిలో దొరికినవి దొరికినట్టు వచ్చినవి కావు. ఎందుకూ కొరగాని గడ్డిలాంటి మొక్కనుంచి మొక్కజొన్న కంకిని తయారుచేయడానికి మెక్సికో రైతులకు వేల ఏళ్ళు పట్టింది. తెచ్చిన పోర్చుగీసు వాళ్ళ పేరు మనకు తెలుసు, ఆ రైతులను మాత్రం ఎవరూ తలవరు.

ప్రశ్న: అమెరికా ఖండాల ఆ జాతులన్నీ ఇప్పుడు అంతరించిపోయినట్టేనా?
– ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: కొన్ని పోయాయి, అన్నీ కాదు. ఇంకాల భాష కెచువాను ఇప్పటికీ లక్షలమంది మాట్లాడుతున్నారు, పెరూలో అది కూడా ఒక అధికార భాష. మాయా జనం గ్వాటెమాలాలో ఇవాళ్టికీ లక్షల్లో ఉన్నారు. పరాగ్వేలో స్పానిష్‌తో పాటు గ్వారనీ కూడా అధికార భాషే. ఇక చిలీలో మపూచేల సంగతి తప్పకుండా చదవండి: స్పెయిన్ సైన్యాలు పదే పదే దండెత్తినా గెలవలేక, 1641లో బీయోబీయో నదిని సరిహద్దుగా ఒప్పుకుని వాళ్ళతో సంధి చేసుకోవాల్సొచ్చింది.