కాలి మీద మచ్చలకి కంటి డాక్టరెందుకు?

ప్రశ్న: మా పాపకి నాలుగో నెల. పుట్టినప్పటి నుంచీ ఎడమ కాలి మీద తొడ నుంచి పాదం దాకా వల పరిచినట్టు ఊదారంగు గీతలున్నాయి, ఎడమ కనుబొమ్మ పైన కూడా లేతగా కనపడతాయి. ఏసీ గదిలో పడుకోబెడితే ఇంకా ముదురుతాయి. పిల్లల డాక్టరు గారు చూసి ఇది అరుదైన సీఎంటీసీ అన్నారు, వెంటనే కళ్లు చూపించమన్నారు. మా అత్తయ్యేమో గ్రహణం రోజు నేను బయట తిరిగానని, సున్నిపిండితో గట్టిగా నలుగు పెడితే పోతాయని అంటున్నారు. కాలి మీద మచ్చలకి కంటి పరీక్ష ఎందుకండీ? అవసరమైతే మత్తిచ్చి చేస్తారట, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ నలుగు ఆపెయ్యండమ్మా. ఈ గీతలున్నచోట చర్మం ఒక్కోసారి పలచబడి, లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది, రుద్దితే చిట్లి పుండు పడొచ్చు, ఒకసారి పడితే ఓ పట్టాన మానదు. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధం లేదు, మీరు చేసిన తప్పూ లేదు. దీని పూర్తి పేరు క్యూటిస్ మార్మొరేటా టెలాంజియెక్టాటికా కంజెనిటా. 1922లో వాన్ లోహుయిజెన్ అనే డచ్ వైద్యురాలు మొదటిసారి దీని గురించి రాశారు. చర్మంలోని సన్నటి రక్తనాళాలు కడుపులో ఉన్నప్పుడే సరిగ్గా అమరక వస్తుంది. మామూలు పసిపిల్లలకీ స్నానం చేయించి తుడిచేటప్పుడు ఒళ్లంతా ఇలా వలలా కనపడుతుంది గానీ, వెచ్చగా కప్పితే పోతుంది. ఇది అలా పోదు, మన గుంటూరు మే నెల ఎండలో కూడా కనపడుతూనే ఉంటుంది.

చాలామందిలో మొదటి రెండేళ్లలో గీతలు బాగా పలచబడతాయి. ఒక కాలు రెండోదాని కంటే కాస్త సన్నగానో లావుగానో ఉండొచ్చు కాబట్టి చూపించడానికి వెళ్లినప్పుడల్లా రెండు కాళ్లూ టేపుతో కొలిపించండి. చర్మం సంగతి అంతే.

అసలు చూసుకోవాల్సింది కన్ను. మచ్చలు కాలిమీదే ఉంటే కంటికి ప్రమాదం తక్కువే, కానీ మీ పాపకి కనుబొమ్మ పైన కూడా ఉన్నాయన్నారు, ముఖం మీద ఉన్నవాళ్లలో గ్లకోమా, అదే కంటి లోపల ప్రెషర్ పెరిగి చూపు దెబ్బతినే నీటికాసులు, వచ్చే అవకాశం ఎక్కువ. కొందరిలో రెటీనా, అంటే కంటి వెనక ఉండే పొర, అంచుల దాకా రక్తనాళాలు పెరగవు, ఆ లోటు తీర్చడానికి పిచ్చి నాళాలు పుట్టి రెటీనాని లాగేస్తాయి. ముందే కనిపెడితే లేజర్‌తో ఆపొచ్చు, ఊడిపోయాక చేయగలిగింది తక్కువ. మచ్చ వాడిపోవచ్చు, పోయిన చూపు మాత్రం రాదు, అందుకే మీ డాక్టరు గారు తొందరపెట్టారు.

పసిపిల్లల కన్ను మెత్తగా ఉంటుంది కాబట్టి లోపల ప్రెషర్ పెరిగితే గుడ్డే సాగి పెద్దదవుతుంది. చుట్టాలొచ్చి ‘అబ్బ, ఎంత పెద్ద కళ్లో’ అని మురిసిపోతుంటారు, అక్కడే మోసం! ఏడాదిలోపు బిడ్డకి నల్లగుడ్డు అడ్డకొలత 12 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాల్సిందే. వెలుతురు చూస్తే మొహం తిప్పేసుకోవడం, కళ్లు బిగించి మూసుకోవడం, నల్లగుడ్డు మసగ్గా పొగ పట్టినట్టుండటం, ఊరికే నీళ్లు కారడం కూడా గుర్తులే. నీళ్లతోపాటు పుసి కట్టి, వెలుతురుకి ఇబ్బంది పడకపోతే అది చాలాసార్లు కన్నీటి దారి మూసుకుపోవడమే, కానీ ఆ తేడా ఇంట్లో మీరు తేల్చుకోకండి.

మత్తు గురించి భయం సహజమే. పాలు తాగుతూ నిద్రపోయినప్పుడు కొంత చూడగలరు, సరిపోకపోతే కాసేపు మత్తిచ్చి ప్రెషర్, నల్లగుడ్డు కొలత, రెటీనా అన్నీ ఒకేసారి చూసేస్తారు. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, పిల్లల కళ్ల డాక్టరు ఏ రోజు ఉంటారో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. ఇంకోమాట, తాతగారి గ్లకోమా చుక్కలు ఇంట్లో ఉన్నాయని పాపకి వేయకండి. బ్రిమోనిడిన్ అనే మందు రెండేళ్లలోపు పిల్లల్ని మగతలోకి నెట్టి ఊపిరి ఆగేలా చేయగలదు.

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. పుట్టినప్పటి నుంచీ నుదుటి మీద, కుడి పైరెప్ప మీద ముదురు ఎర్ర మచ్చ ఉంది. ఫిట్స్ ఎప్పుడూ రాలేదు, చూపు బాగుంది. సంబంధాలు చూస్తున్నారు, పుట్టే పిల్లలకి కూడా వస్తుందేమోనని అడుగుతున్నారు.
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: రాదనే చెప్పండి. మీరు చెప్పిన తీరు చూస్తే ఇది పోర్ట్ వైన్ మచ్చ, పై ప్రశ్నలో పాపది వేరు. పిండం ఎదిగేటప్పుడు ఏదో ఒక కణంలో జీఎన్ఏక్యూ అనే జన్యువు మారడం వల్ల వస్తుందని 2013లో తేలింది, తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, పిల్లలకి వెళ్లేదీ కాదు. ఈ మచ్చ ఉన్నవాళ్లలో కొందరికి ఫిట్స్ వస్తాయి గానీ అవి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే మొదలవుతాయి, కాబట్టి ఆ దిగులు వదిలేయొచ్చు.

కన్ను మాత్రం అలా వదలొద్దు. పైరెప్ప మీద మచ్చ ఉన్నవాళ్లకి గ్లకోమా పసితనంలోనే కాదు, పెద్దయ్యాక కూడా వస్తుంది, పెద్దవాళ్లలో గుడ్డు సాగదు, నొప్పి ఉండదు, చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తే మనకి తెలియదు. ఏడాదికోసారి ప్రెషర్, కంటి నరం చూపించండి. లేజర్‌తో మచ్చ రంగు తగ్గించుకోవచ్చు గానీ అది చేయించుకున్నా కంటి పరీక్ష మానకూడదు. కళ్లు ఎర్రబడ్డాయని మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటారు చూడండి, మీరు ఆ పని అసలు చేయొద్దు, వాటితో ప్రెషర్ పెరుగుతుంది.