బడి మూసేలోపు పార్కు ఆఫీసుకు ఒకసారి వెళ్లిరండి

సందేహం: మావారు కంపెనీ బదిలీపై ఎల్1 వీసా మీద, నేను, పిల్లలు కుటుంబానికిచ్చే ఎల్2 మీద జనవరిలో అమెరికాలోని నార్త్ కెరొలినా వచ్చాం. నాకు ఇక్కడ ఉద్యోగం దొరికింది. బాబుకు ఏడేళ్లు, పాపకు నాలుగు నిండాయి. జూన్ రెండో వారంలో బడి మూసేస్తే మళ్లీ ఆగస్టు చివరికి గానీ తెరవరట. పార్కులవాళ్ల సమ్మర్ క్యాంపులో చేర్చమని ఆఫీసులో ఒకరు చెప్పారు. పార్కుల శాఖవాళ్లు పిల్లల్ని రోజంతా చూసుకుంటారా? నమ్మి వదలవచ్చా?

చూసుకుంటారమ్మా. నమ్మి వదలవచ్చు. నేను 2006లో హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా మీద వచ్చాను. ఉద్యోగం చేసే వీలు లేక మా టౌన్ పార్కుల శాఖలో వాలంటీరుగా వెళ్లేదాన్ని. 2015లో హెచ్4 మీద ఉన్న కొందరు భార్యాభర్తలకు ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డు ఇవ్వడం మొదలయ్యాక అదే శాఖలో వేసవి ఉద్యోగానికి చేరి, ఆ తర్వాత ఏడు వేసవులు ఒక పార్కులో పిల్లల క్యాంపు నడిపాను. మన తెలుగు కుటుంబాలు ఎక్కడెక్కడ తడబడతాయో దగ్గర నుంచి చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సీటు సంగతి చూడండి. ఇక్కడ వేసవి క్యాంపుల రిజిస్ట్రేషన్ చాలా ఊళ్లలో జనవరి నుంచి మార్చి లోపే తెరుస్తారు. మొదట ఆ ఊళ్లో ఉండేవాళ్లకు, కొన్ని రోజుల తర్వాత బయటివాళ్లకు. గిరాకీ ఉన్న వారాలు కాసేపట్లోనే నిండిపోతాయి. మీకు ఆలస్యమైంది, అయినా నిరాశ పడకండి. బాబుకు కావలసిన ప్రతి వారానికీ వెయిట్‌లిస్ట్‌లో పేరు పెట్టండి. మిగతా డబ్బు కట్టాల్సిన గడువు దగ్గర పడినప్పుడు చాలామంది మానుకుంటారు. మా క్యాంపులో వెయిట్‌లిస్ట్ కదిలేది అప్పుడే. సీటు వచ్చిందని ఈమెయిల్ పంపాక ఒకటి రెండు రోజులే ఆగుతారు. జవాబు లేకపోతే సీటు తర్వాతివాళ్లకు వెళ్లిపోతుంది. స్పామ్ ఫోల్డర్ కూడా రోజూ చూసుకోండి.

ఇంకో చిక్కు ఉంది. మీ చిరునామాలో ఒక ఊరి పేరు ఉన్నంత మాత్రాన మీరు ఆ ఊరి రెసిడెంట్లు కాకపోవచ్చు. చిరునామాలో ఉండేది పోస్టాఫీసు ఊరు. మీ అపార్ట్‌మెంట్ టౌన్ హద్దు దాటి కౌంటీ భూమిలో ఉంటే రెసిడెంట్ ఫీజు వర్తించదు. లీజు కాగితం, కరెంటు బిల్లు పట్టుకుని పార్కు ఆఫీసుకు వెళ్లి అడగండి, మ్యాప్ చూసి చెప్పేస్తారు. మీ ఇల్లు పక్క ఊరి హద్దులోకి వస్తే అక్కడి క్యాంపుకు దరఖాస్తు చేయండి. మాది వేక్ కౌంటీ. ఇక్కడ కొన్ని బడులు ఇయర్ రౌండ్ పద్ధతిలో నడుస్తాయి, తొమ్మిది వారాలు బడి, మూడు వారాలు సెలవు. మీ బాబు బడి అలాంటిదైతే మీరు అడగాల్సింది ఆ మూడు వారాల సెలవుల్లో నడిపే ట్రాక్ అవుట్ క్యాంపు గురించి. ఇది తెలియక తప్పు క్యాంపుకు డబ్బు కట్టిన వాళ్లను చూశాను.

పార్కుల శాఖకు పిల్లలతో పనేమిటని మీకు అనిపించడం సహజం. మన ఊళ్లో పార్కు అంటే మునిసిపాలిటీ వాళ్లు గేటుకు తాళం వేసే చోటు. ఇక్కడ ఈ అలవాటు 1885లో బోస్టన్‌లో మొదలైంది. మేరీ జక్రెవ్‌స్కా అనే డాక్టరమ్మ బెర్లిన్ పార్కుల్లో పిల్లలు ఇసుకలో ఆడుకోవడం చూసి ఇక్కడి వాళ్లకు రాసింది. నార్త్ ఎండ్‌లో ఒక చర్చి పెరట్లో ఇసుక పోయించి, పిల్లల్ని ఆడుకోనిచ్చారు. ఆ పేట నిండా వలస వచ్చిన కుటుంబాలే. 1906లో ఆటస్థలాల సంఘం జాతీయ స్థాయిలో ఏర్పడింది. నాకు ఈ చరిత్ర చాలా ఇష్టం. కొత్తగా వచ్చినవాళ్ల పిల్లల కోసం పోసిన ఇసుకకుప్పతో మొదలైన పనిలోకి మీ బాబు ఇప్పుడు వెళ్తున్నాడు. మనం ఎవరి దయ మీదో ఆధారపడి వెళ్లడం లేదు. మీరు కట్టే అద్దెలో ఇంటి యజమాని కట్టే ప్రాపర్టీ టాక్స్ కూడా కలిసే ఉంటుంది.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య దింపుతారు. మైదానంలో ఆటలు, నీడలో బొమ్మలు చేయడం, మధ్యాహ్నం ఇంటి నుంచి తెచ్చుకున్న భోజనం, ఆ తర్వాత ఈత కొలను, వారానికొకసారి బయటికి ప్రయాణం. చూసుకునేవాళ్లు చాలావరకు కాలేజీ పిల్లలు, కొందరు హైస్కూలు వాళ్లు. అంత చిన్నవాళ్ల చేతిలో పెట్టాలా అని మన తల్లిదండ్రులు భయపడతారు. నేను చెప్పేది వినండి. వాళ్ల వయసు చూడకండి, వాళ్లు ఎన్నిసార్లు తలలు లెక్కపెడుతున్నారో చూడండి. బస్సు ఎక్కేముందు, దిగాక, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, కొలనులోంచి బయటికి వచ్చాక, ప్రతిసారీ లెక్క పెట్టాలి. అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం పగటి క్యాంపుల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు 8 మందికి ఒకరు, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు 10 మందికి ఒకరు ఉండాలి. మీ క్యాంపులో ఎంతమందికి ఒకరో అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. నన్ను అడిగిన తల్లులంటే నాకు గౌరవం.

అన్నం డబ్బా గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. చాలా క్యాంపుల్లో వేరుశనగ నిషేధం. ఫారంలో ‘నట్ ఫ్రీ’ అని చదివి అందరూ సరే అని సంతకం పెడతారు. కానీ మన వంటలో పల్లీలు ఎక్కడెక్కడ ఉంటాయో మనకే గుర్తుండదు. ఒక ఏడాది ఒక తెలుగు బాబు పులిహోర తెచ్చుకున్నాడు. పక్కన కూర్చున్న పాపకు పల్లీ అంటే ప్రాణాంతకమైన అలర్జీ. మా కౌన్సెలర్‌కు అన్నంలో పల్లీలు ఉంటాయన్న ఊహే లేదు. నేను ఆ దారిన వెళ్తూ చూశాను కాబట్టి సరిపోయింది. ఆ పాపను వేరే బల్ల దగ్గరికి మార్చి, బల్ల కడిగించి, బాబు చేతులు సబ్బుతో కడిగించాం. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పులిహోరలో పల్లీ, ఇడ్లీ చట్నీలో పల్లీ, నల్ల కారంలో కొందరు వేసే పల్లీ, గుత్తివంకాయ మసాలాలో పల్లీ. ఉప్మాలో, పొంగలిలో జీడిపప్పు. ఇవి ఇంట్లో సాయంత్రం పెట్టండి. క్యాంపుకు పెరుగన్నం, నిమ్మకాయ పులిహోర పల్లీ లేకుండా, చపాతీ చుట్ట, పప్పన్నం, పండ్లు పెట్టండి. వేడి చేసి ఇచ్చే ఏర్పాటు ఉండదు. పెరుగన్నంతో పాటు ఐస్ ప్యాక్ తప్పక పెట్టండి, ఇక్కడ జూలైలో ఎండ ఎక్కువే. కొన్ని పార్కుల్లో, లైబ్రరీల్లో ప్రభుత్వం తరఫున పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలందరికీ వేసవిలో ఉచిత భోజనం పెడతారు. అందరికీ తెరిచి ఉంచిన చోట కాగితాలు అడగరు.

మందులు డబ్బాలో, బ్యాగులో పెట్టి పంపకండి. ఇండియా నుంచి తెచ్చిన జ్వరం మాత్ర కూడా వద్దు. ఇన్‌హేలర్, ఎపీపెన్ (తీవ్రమైన అలర్జీకి వేసే ఇంజెక్షన్) లాంటివి ఉంటే డాక్టరు సంతకంతో ఫారం ఇచ్చి, సిబ్బంది చేతికే ఇవ్వాలి. సన్‌స్క్రీన్ ఇంట్లోనే ఒకసారి రాసి పంపండి, మళ్లీ తనంతట తాను రాసుకోవడం బాబుకు నేర్పండి. చెప్పులు వద్దు, బూట్లు వేయండి.

ఈత గురించి నేను చాలా పట్టుదలగా ఉంటాను. మాది కృష్ణా కాలువ పక్క ఊరు. మగపిల్లలు కాలువలో దూకి ఈత నేర్చుకున్నారు, మేం గట్టు మీద కూర్చుని బట్టలు కాపలా కాశాం. నాకు నలభై దాటాకే ఈత వచ్చింది. ఈ దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల మరణాలకు మునిగిపోవడమే ప్రధాన కారణం, మీ పాప వయసు అదే. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు సరస్సులోనో జలపాతం దగ్గరో మునిగిపోయారన్న కబురు ఎన్నిసార్లు విన్నామో మీకూ తెలుసు. పార్కుల శాఖ కొలనుల్లో తక్కువ ఫీజుకే పాఠాలు చెప్తారు. చాలాచోట్ల రెడ్‌క్రాస్ పద్ధతి, ఒకటి నుంచి ఆరు మెట్లు. క్యాంపు మొదటి రోజు ఈత పరీక్ష పెట్టి, రాని పిల్లలకు వేరే రంగు పట్టీ కడతారు. రాకపోయినా వచ్చని ఫారంలో రాయకండి. కొందరు పరువు కోసం రాస్తారు, అది ప్రాణంతో చెలగాటం. ఆడపిల్లకు ఈత దుస్తులు ఎలా అని వెనకాడకండి, పొడుగు చేతులు, కాళ్ల దాకా ఉండే ఈత దుస్తులు దొరుకుతాయి, వేసుకోనిస్తారు. నూలు టీషర్టుతో మాత్రం చాలా కొలనుల్లోకి రానివ్వరు. ఉరుము వినిపిస్తే అందరినీ బయటికి రప్పించి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా నీళ్లలోకి పంపరు. బాబు ఈత పోయిందని ఏడిస్తే ఊరుకోబెట్టండి, సిబ్బంది మీద కోప్పడకండి.

సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లేవాళ్ల పేర్లు ముందే రాసివ్వాలి. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే అప్పగిస్తారు. వేసవిలో అమ్మమ్మా తాతయ్యలు వస్తే వాళ్ల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, పాస్‌పోర్టు తీసుకుని వెళ్లమనండి. ఒకసారి ఒక తాతగారు నలభై నిమిషాలు ఎండలో నిలబడిపోయారు, మనవడు ‘తాతయ్యా’ అని పిలుస్తున్నా నేను అప్పగించలేకపోయాను. ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చి, కోడలికి ఫోను చేశాను. పేరు రాసి ఉంటే ఆ బాధ ఉండేది కాదు. ఆలస్యమైతే నిమిషాల లెక్కన జరిమానా ఉంటుంది.

డబ్బు విషయానికొస్తే, మీరిద్దరూ ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి పగటి క్యాంపు ఖర్చుకు పన్నులో చైల్డ్ కేర్ క్రెడిట్, అంటే పిల్లల సంరక్షణ ఖర్చుకిచ్చే పన్ను తగ్గింపు అడగవచ్చు, ఫారం 2441. పదమూడేళ్ల లోపు పిల్లలకు వర్తిస్తుంది. ఒకరికి 3,000 డాలర్ల వరకు, ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మందికి 6,000 డాలర్ల వరకు ఖర్చును లెక్కలోకి తీసుకుంటారు. రాత్రి అక్కడే ఉండే క్యాంపుకు ఇది రాదు. పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు కాబట్టి దాని బదులు పన్నుల శాఖ ఇచ్చే ఐటీఐఎన్ నంబరు కావాలి, దాని నియమాలు పన్నుల నిపుణుడిని అడిగి తెలుసుకోండి. కంపెనీ డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల సంరక్షణ కోసం జీతంలోంచి పన్ను లేకుండా డబ్బు పక్కన పెట్టే ఖాతా) ఇస్తుంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఎంచుకోవాలి. దాని పరిమితి 2025లో 5,000 డాలర్లు, 2026 నుంచి 7,500. ఒకే ఖర్చుకు రెండూ రావు. క్యాంపు రసీదు, శాఖ టాక్స్ నంబరు దాచుకోండి.

మీ పిల్లలు చిన్నవాళ్లు, కానీ మీ స్నేహితుల ఇళ్లలో పదహారేళ్ల పిల్లలు ఉంటే ఇది చెప్పండి. హెచ్4, ఎల్2 మీద ఉన్న పిల్లలు క్యాంపులో జీతానికి కౌన్సెలర్‌గా, లైఫ్‌గార్డ్‌గా చేయకూడదు. తోటి పిల్లలు జీతం తీసుకుంటుంటే మనవాళ్లు పక్కన నిలబడడం నేను కళ్లారా చూశాను, మనసు కలుక్కుమంటుంది. కౌన్సెలర్ ఇన్ ట్రైనింగ్ అని, అందరూ జీతం లేకుండానే చేసే వాలంటీరు పని ఉంటుంది. అందులో చేరవచ్చు. జీతమిచ్చే పనిని ఊరికే చేస్తాననడం కూడా తప్పే, బహుమతి పేరుతో డబ్బు ఇచ్చినా తీసుకోకూడదు.

నాకు బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. మన ఇళ్లలో చాలామంది పది వారాలనూ లెక్కల క్లాసు, స్పెల్లింగ్ క్లాసు, కోడింగ్ క్లాసుతో నింపేస్తారు. చదువు విలువ నాకు తెలుసు. కానీ ఏడేళ్ల పిల్లాడికి ఇక్కడి పిల్లలతో గొడవపడి మళ్లీ కలవడం, ఓడి ఇంటికి రావడం, బురదలో ఆడటం నేర్పే చోటు క్యాంపు లాంటిది మరొకటి లేదు. నేను మా క్యాంపులో ఏడు పెంకులాట ఆడించాను, టెన్నిస్ బంతితో క్రికెట్ నేర్పాను. ఏ దేశం పిల్లలైనా ఏడు పెంకులాటను వదిలేవారు కాదు. మా కౌంటీలోని మోరిస్‌విల్‌లో టౌన్‌వాళ్ల చర్చ్ స్ట్రీట్ పార్కు మైదానంలో 2023లో అమెరికా టీ20 లీగ్ అయిన మేజర్ లీగ్ క్రికెట్ మ్యాచ్‌లు జరిగాయి. మీ ఊరి క్యాంపులో క్రికెట్ లేకపోతే వెళ్లి అడగండి. పార్కుల సలహా మండలి సమావేశాల్లో ఊళ్లో ఉండేవాళ్లు లేచి మాట్లాడవచ్చు.

పాప విషయంలో నిజం చెప్పాలి. చాలా పగటి క్యాంపులు అయిదేళ్లు నిండాక, కొన్ని కిండర్‌గార్టెన్ అయ్యాకే చేర్చుకుంటాయి. నాలుగేళ్లవాళ్లకు ఉండేవి పొద్దుటి మూడు గంటల క్యాంపులు. మీ ఉద్యోగానికి అవి సరిపోవు. ఈ వేసవికి ఆమెను ప్రీస్కూల్లోనే ఉంచి, శనివారాలు ఈత పాఠానికి తీసుకెళ్లండి.

ఇంకొక్కటి. ఫారంలో పేరు రాసేటప్పుడు జాగ్రత్త. ఒక బాబు మూడు రోజులు హాజరు పిలిస్తే పలకలేదు. బిడియం అనుకున్నాం, వినికిడి లోపమేమో అని కూడా అనుమానించాం. మూడో రోజు సాయంత్రం వాళ్ల నాయనమ్మ వచ్చి, మీరు పిలిచేది వాడి పేరు కాదమ్మా, మా ఇంటిపేరు అంది. వీసా కాగితాల్లో ఇంటిపేరు ముందు పడింది, అదే ఫారంలోకి వచ్చేసింది. నాలుగో రోజు ఉదయం అసలు పేరుతో పిలిచాను. మైదానం అవతలి చివర నుంచి చెయ్యెత్తి పరుగెత్తుకొచ్చాడు. ఫారంలో ఇంట్లో పిలిచే పేరుకు ఒక గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకండి.