పేరెంట్స్ కమిటీ ఎన్నికకు జనం రావాలంటే

మీ ఊరి బడిలో ఎస్‌ఎంసీ (పిల్లల తల్లిదండ్రులతో ఏర్పడే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) ఎన్నిక పెడితే పట్టుమని పది మంది కూడా రావట్లేదని, ఏం చేస్తే వస్తారని అడిగారు. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. 2024 ఆగస్టు 8న ఆంధ్రప్రదేశ్ అంతటా ఈ ఎన్నికలు జరిగినప్పుడు మా ఎలిమెంటరీ స్కూల్లో జనాన్ని పోగేసే పని నేనూ, మా డ్వాక్రా గ్రూపు వాళ్లూ నెత్తిన వేసుకున్నాం.

ఎన్నిక తరగతి వారీగా జరుగుతుంది. ఒక్కో తరగతికి ముగ్గురు సభ్యులు, వాళ్లలో కనీసం ఇద్దరు ఆడవాళ్లు. ఆ తరగతి తల్లిదండ్రుల్లో సగం మంది వస్తేనే కోరం, అంటే ఎన్నిక జరపడానికి కావాల్సిన హాజరు. అందుకే ఊరంతా మైకులో చెప్పించడం దండగ. నోటీసు బోర్డు మీది ఓటర్ల జాబితా ఫోటో తీసి, తరగతికి ఇద్దరేసి తల్లులకు వాట్సాప్‌లో పంపాం. ఎవరి తరగతి వాళ్లను వాళ్లే ఇంటికెళ్లి పిలిచారు.

అసలు తంటా నాట్లతో వచ్చింది. ఆగస్టులో కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? బిడ్డకు ఒకటే ఓటు, తల్లో తండ్రో ఒకరొస్తే చాలని చెప్పేసరికి చాలా ఇళ్లలో చిక్కు తీరింది. మిగతావాళ్లు కాస్త ఆలస్యంగా మడిలో దిగుతారని ముఠా మేస్త్రీకి ముందే చెప్పుకున్నాం. గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు.

"ఆ కమిటీతో మాకేం ఒరుగుద్ది?" అని మొహం మీదే అడిగారు. ఈ కమిటీ ఉండాలని చెప్పేది విద్యాహక్కు చట్టం సెక్షన్ 21 అంటే ఎవరికీ ఎక్కదు. మా బడి బాత్‌రూమ్ తలుపుకి గడియ ఊడిపోయింది. ఒక పిల్ల లోపలికెళ్తే ఇంకో పిల్ల బయట తలుపు పట్టుకుని నిలబడాలి. కమిటీలో కూర్చుంటే ఇది అడగొచ్చు అన్నాక ఇద్దరు తల్లులు తామే పోటీకి దిగుతామన్నారు.

పార్టీల వాళ్లు ముందు రోజు రాత్రే పేర్లు రాసుకుని ఏకగ్రీవం అనిపిస్తారే, దానికి మాత్రం నా దగ్గర మందు లేదు. రెండు తరగతుల్లో అలాగే అయింది. పైగా చేతులెత్తి చెప్పాలి కాబట్టి, మోతుబరి ఎదుట ఒంటరిగా చెయ్యెత్తడానికి జంకుతారు. మా వాళ్లను పక్కపక్కనే కూర్చోబెట్టాం.

జాబితా అంటించిన రోజే చూడండి. అమ్మానాన్నలు హైదరాబాద్ పనికెళ్తే అమ్మమ్మ దగ్గరుండే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. సంరక్షకురాలిగా ఆమె పేరు ఎక్కకపోతే అభ్యంతరాల గడువులోపే హెచ్‌ఎంకు కాగితం రాసివ్వండి.