ఫైళ్లకు తాళం వేయడానికి డాలర్లు దేనికి?

ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వస్తున్నావు, సర్టిఫికెట్ల స్కాన్లు దాచుకోవడానికి ఏడాదికి 60 డాలర్ల సాఫ్ట్‌వేర్ కొనమంటున్నారని రాశావు. కొనకు తమ్ముడూ. ఆ 60 డాలర్లు ఇక్కడ సరుకులకి పనికొస్తాయి.

నేను 2009లో టెక్సస్ వచ్చాను. డాలరు 48 రూపాయల దగ్గరుండేది, కాఫీ తాగినా గుణించుకునేవాణ్ణి. అంత లెక్కలమనిషిని, పాస్‌పోర్టు, ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే కాగితం), ఎస్‌ఎస్‌ఎన్ కార్డు (ఇక్కడ మన ఆధార్ లాంటిది), నాన్న బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ లాప్‌టాప్ తెర మీదే 'ఇంపార్టెంట్' అని పేరు పెట్టి మరీ ఒకే ఫోల్డర్లో పడేశాను. దొంగకి వెతుక్కునే శ్రమ లేకుండా! ఓ శనివారం సరుకులకి వెళ్తే, రూమ్మేటు కారు అద్దం పగలగొట్టి లాప్‌టాప్ ఎత్తుకుపోయారు. విండోస్‌కి పాస్‌వర్డ్ ఉందిగా అని ధీమాగా ఉన్నాను. అది గుమ్మానికి గొళ్లెం లాంటిదే, తాళం వేయని డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే అంతా కనిపిస్తుందని అప్పుడు తెలీదు. నాలుగు నెలలకి ఉత్తరం వచ్చింది: నా పేరు మీద రెండు ఫోన్ కనెక్షన్లు, బాకీ 740 డాలర్లు. ముప్పై అయిదు వేలు! నాది కాదని తేల్చుకునేసరికి ఏడు నెలలు పట్టింది. ఈలోగా క్రెడిట్ స్కోరు (అప్పు తీరుస్తామన్న నమ్మకానికి ఇక్కడ వేసే మార్కులు) పడిపోయి, అపార్ట్‌మెంట్‌కి డబుల్ డిపాజిట్ కట్టాను. (క్రెడిట్ ఫ్రీజ్, అంటే నీ పేరు మీద ఇంకెవరూ కొత్త అప్పు తీసుకోకుండా ఆపించడం, 2018 నుంచి ఉచితం. ఎలాగో ఆ స్కోరు లెక్కలు ఉంచే క్రెడిట్ బ్యూరోల సైట్లలోనే ఉంది, చూసుకో.)

దెబ్బ తిన్నాక ఫైళ్లకి పాస్‌వర్డ్‌తో తాళం వేసే ట్రూక్రిప్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. పాస్‌వర్డ్ ఎంత కష్టంగా పెట్టానంటే, సెలవుల తర్వాత నాకే గుర్తు రాలేదు. "మర్చిపోయారా?" అని అడిగే బటన్ ఉండదు అందులో. అసలు ఫైళ్లు చెరిపేశాను కూడా. నాన్న మళ్లీ తెనాలి నుంచి గుంటూరు బస్సెక్కి స్కాన్లు తీయించి పంపారు. ఆ తిట్లకి ఫోన్ కార్డు ఖర్చు వేరే.

ట్రూక్రిప్ట్‌ని తయారుచేసినవాళ్లే 2014లో ఆపేశారు. దాని కోడ్ నుంచి వచ్చిన వెరాక్రిప్ట్ వాడు, పైసా అడగదు. అయిదు జీబీల కంటెయినర్ (ఫైళ్లన్నీ దాచుకునే తాళం పెట్టె లాంటి ఫైలు) ఒకటి చేసుకో. చేసేటప్పుడు మౌస్‌ని పిచ్చిగా తిప్పమంటుంది, కింద గీత ఎర్రగా మొదలై పచ్చబడేదాకా తిప్పు, కంగారుపడకు. తర్వాత పాస్‌వర్డ్ కొడితే మామూలు డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, మూసేస్తే అర్థంకాని ఒక్క ఫైలే మిగులుతుంది. లైబ్రరీ కంప్యూటర్లలో మాత్రం పనిచేయకపోవచ్చు, అడ్మిన్ హక్కులడుగుతుంది.

గూగుల్ డ్రైవ్‌లో పెట్టేవాటికి తాళం వేయడానికి క్రిప్టోమేటర్, పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి కీపాస్‌ఎక్స్‌సీ వాడు. ఎవరికైనా మెయిల్ చేయాలంటే ఫైళ్లని మూటగట్టే సెవెన్‌జిప్‌లో 7జెడ్ ఫార్మాట్ ఎంచుకుని, పాస్‌వర్డ్ వేసి, ఫైళ్ల పేర్లు కూడా దాచే టిక్ పెట్టు. లేకపోతే లోపలిది తెరవలేకపోయినా 'నాన్న ఐటీ రిటర్న్' అని పేరు చదివేస్తారు. పాస్‌వర్డ్ అదే మెయిల్లో పంపే మహానుభావులున్నారు, నువ్వు ఫోన్లో చెప్పు. అన్నట్టు, తాళం వేశాక డౌన్‌లోడ్స్‌లో, రీసైకిల్ బిన్‌లో, వాట్సాప్‌లో మిగిలిన కాపీలు కూడా చూసుకో. మీ కుర్రాళ్లు అక్కడే దొరికిపోతారు.

పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చిరా. నేను అమ్మకిచ్చాను, బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది. పోయినేడు "భద్రంగా ఉందా అమ్మా?" అని అడిగితే, ఉందని చూపించడానికి ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. 43 మంది. మా పెదనాన్న థంబ్సప్ కూడా కొట్టాడు. ఆ రాత్రే మార్చేశాను.