సుంకం ఎత్తేస్తే ప్రభుత్వ ఖర్చు ఎందుకు పెరుగుతుంది?

"ప్రపంచీకరణతో మార్కెట్లు తెరుచుకుంటే ప్రభుత్వ ఖర్చు తగ్గాలి కదా, ఎందుకు పెరుగుతుంది?" అని అడిగారు. మాది ఉమ్మడి వరంగల్ జిల్లా, పత్తి రైతు కుటుంబం. 2025లో మా ఇంట్లో జరిగింది చెబితే సగం జవాబు అందులోనే ఉంది.

ఆ ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. దెబ్బతిన్న బట్టల మిల్లులకు దూది చవగ్గా దొరకాలని కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. ముందు సెప్టెంబరు చివరిదాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31కి పొడిగించారు. సరిగ్గా మా పత్తి ఇంటికొచ్చే రోజులవి. ఊళ్లోకి వచ్చిన వ్యాపారి క్వింటాలుకు 6,600 మించి ఇయ్యనన్నాడు. పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 8,110.

ఇక దిక్కు సీసీఐ, అంటే మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. తేమ 8 శాతం లోపుంటే పూర్తి ధర, ఆపైన ఒక్కో శాతానికి కోత, 12 దాటితే కొనరు. వానకు తడిసిన పత్తిని మా నాయన వాకిట్లో పరదా మీద నాలుగు రోజులు ఆరబెట్టాడు. మధ్యమధ్యలో గింజ తీసి పంటితో కొరికి చూసేవాడు, టక్కుమంటే ఆరినట్టు. మిషన్ పెడితే 10 చూపింది. కోత పోను దాదాపు 7,950 వచ్చింది.

వ్యాపారి ధర మీద మాకు వచ్చిన ఆ 1,350 ఎవరిచ్చినట్టు? సీసీఐ ఆ పత్తిని మళ్లీ మార్కెట్ ధరకే అమ్ముకోవాలి, నష్టమొస్తే కేంద్రం భరిస్తుంది. అంటే ఒకపక్క సుంకం రాబడి పోయింది, ఇంకోపక్క ఖర్చు నెత్తిన పడింది.

వందకు పైగా దేశాల లెక్కలు చూసి ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ 1998లో చెప్పిందీ ఇదే: విదేశీ వ్యాపారం మీద ఎక్కువగా ఆధారపడ్డ దేశాల్లోనే ప్రభుత్వ ఖర్చూ ఎక్కువ. బయటి ధరల కుదుపు తట్టుకోలేక జనం ప్రభుత్వం వైపే చూస్తారు. అసలు కారణం దేశం చిన్నది కావడమే, చిన్న దేశాల్లో విదేశీ వ్యాపారం, ప్రభుత్వ ఖర్చు రెండూ ఎక్కువే ఉంటాయని అలెసీనా, వాక్జియార్గ్ అనే ఆర్థికవేత్తలు వాదించారు. అదీ కొంత నిజమే కావచ్చు గానీ, నాయన పడ్డ తిప్పలు చూసిన నాకు రోడ్రిక్ మాటే నిజమనిపిస్తుంది.

మరి ఈ ఖర్చుకు ప్రభుత్వానికి డబ్బు ఎక్కడిది? పెట్టుబడికి కాళ్లున్నాయి, పన్ను ఎక్కువైతే వేరే దేశం వెళ్తుంది. అందుకే 2019లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి, కొత్త ఫ్యాక్టరీలకు 15కి తగ్గించారు. మా ఆరెకరాలు ఎక్కడికీ పోలేవు. నాయన కొనే పురుగుమందు డబ్బా మీద మాత్రం 18 శాతం జీఎస్టీ అలాగే ఉంది.