పాత రౌటర్ పారేయకు తమ్ముడూ, గోడకి మాత్రం చిల్లు పెట్టకు

కె.ఆర్. పురంలో ఇల్లు తీసుకున్నావు, హాల్లో వైఫై వెనక బెడ్‌రూమ్‌కి అందట్లేదు, మెష్ సెట్ (ఇల్లంతా ఒకే వైఫై ఇచ్చే డబ్బాల జత) కొనమంటారా అని అడిగావు. ఎందుకయ్యా కొనడం? ఊరి నుంచి తెచ్చిన పాత రౌటర్ అటక మీద ఉందని నువ్వే రాశావుగా. దాన్నే వెనక గదిలో పెట్టి, హాల్లో ఉన్న మెయిన్ రౌటర్ నుంచి కేబుల్ ఇస్తే అక్కడా వైఫై వస్తుంది. అడ్వాన్సు కింద నెలల కొద్దీ అద్దె ఓనర్ చేతిలో పోసి దిగినవాడివి. ఈ కాలం పిల్లలకి ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఆర్డర్ పెట్టేయడమే.

నేను బెంగళూరు వచ్చిన కొత్తలో చెప్పేవాడు లేక, ప్లగ్గులో పెట్టే ఎక్స్‌టెండర్ (వైఫైని అందుకుని ముందుకు పంపే డబ్బా) కొన్నాను. వెనక గదిలో గీతలన్నీ నిండుగా కనిపించేవి, వీడియో కాల్ మాత్రం నత్తనడక. ఆ డబ్బా ఒకే రేడియోతో అటు రౌటర్‌తోనూ ఇటు ఫోన్‌తోనూ మాట్లాడేది, అందుకని వేగం సగానికి పడిపోయేది. ఆ డబ్బు గంగలో కలిసింది.

అప్పుడు పాత రౌటర్ దించి, దాని దాకా కేబుల్ లాగడానికి ఎలక్ట్రీషియన్‌తో గోడకి చిల్లు కొట్టించాను. ఖాళీ చేసేటప్పుడు ఓనరమ్మ ఆ చిల్లులో చిటికెనవేలు పెట్టి తిప్పి చూసింది. పెయింటింగ్ పేరుతో ఇక్కడ ఎలాగూ ఒక నెల అద్దె కోస్తారు, దాని మీద ఇంకో కోత. ఆ డబ్బుతో కొత్త రౌటరే వచ్చేది. మేకు కొట్టే ముందు నీ అగ్రిమెంట్ ఒకసారి చదువుకో.

నువ్వు ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్.పి. రోడ్డుకి వెళ్ళి పట్టీలా పలచగా ఉండే ఫ్లాట్ నెట్ కేబుల్ తెచ్చుకో, క్యాట్ 6 రకం అని అడుగు. గోడ వారగా పోనిచ్చి తలుపు కింద సందులోంచి దూర్చెయ్. ఒక ఇంట్లో లాగే దూరానికి ఢోకా లేదులే.

ఇక రౌటర్ సంగతి. అడాప్టర్ మీద 9 వోల్టులో 12 వోల్టులో చూసి, రౌటర్ అడుగున రాసినదానితో సరిపోతేనే పెట్టు. రీసెట్ బటన్ని పిన్నుతో పది సెకన్లు నొక్కి, ల్యాప్‌టాప్ తగిలించి సెట్టింగుల్లోకి వెళ్ళు. మెయిన్ రౌటర్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వు. మెయిన్ రౌటర్ ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వకుండా చూసుకో. తర్వాత డీహెచ్‌సీపీ, అంటే ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ ఇలాంటి అడ్రసులు పంచే పని, పాతదాంట్లో ఆపెయ్, ఇది మరిచిపోకు. నేను ఆన్‌లోనే వదిలేశాను. ఇంట్లో అడ్రసులు పంచే పెత్తందార్లు ఇద్దరయ్యారు. మా ఆవిడ ఫోన్‌కి నెట్ వస్తే నా ల్యాప్‌టాప్‌కి రాదు, రీస్టార్ట్ చేస్తే తారుమారు. తప్పు ఇంట్లో పెట్టుకుని నెట్ కంపెనీ కుర్రాడి మీద అరిచాను, పాపం.

కేబుల్ రెండు వైపులా లాన్ పోర్టుల్లోనే (ఇంట్లో పరికరాలు తగిలించే రంధ్రాలు) పెట్టు. పాతదాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ లైను తగిలించేది) పెడితే నెట్ వస్తుంది కానీ, అది వేరు కుంపటి పెడుతుంది. హాల్లో ప్రింటర్ బెడ్‌రూమ్ ల్యాప్‌టాప్‌కి కనిపించదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండింట్లోనూ ఒకటే ఉంచు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒక రౌటర్ చానెల్ 1 మీద ఉంటే రెండోది 6 మీదో 11 మీదో పెట్టు, ఒకదానికొకటి అడ్డు రావు. వైఫై సెక్యూరిటీ రకం డబ్ల్యూపీఏ2కి తగ్గకూడదు, రౌటర్ సెట్టింగులు తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు.

పాత రౌటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే అయితే, నువ్వు 300 ప్లాన్ కట్టినా ఆ గదిలో 100కి లోపే వస్తుంది. ఆఫీసు కాల్స్‌కి అది బోలెడు. ఆ వంకతో ప్లాన్ పెంచకు, కొత్త రౌటర్ కొనకు. నెట్ కంపెనీ వాళ్ళు ఇచ్చిన పాత డబ్బా అయితే మాత్రం వాడకు, కనెక్షన్ తీసేశాక అది వాళ్ళకి తిరిగివ్వాల్సి ఉంటుందేమో అడుగు. మా సొంత ఫ్లాట్‌లో ఇప్పటికీ వెనక గదికి ఇలాంటి పాతదే నడుస్తోంది. కేబుల్ అంటించడానికి టేపు మాత్రం మంచిది కొను, చవకది తీస్తే సున్నం పెచ్చు ఊడొస్తుంది, మళ్ళీ అడ్వాన్సులో కోత.