జంక్ తెరచాపకు పొట్టను గుడ్డలోనే కుట్టాలి

చిన్న పడవకు చైనా పద్ధతి జంక్ తెరచాప, అంటే అడ్డంగా బద్దలు వేసిన తెరచాప, పెట్టుకోవాలని ఉందనీ, అది ఎదురుగాలికి నడవదని అందరూ అంటున్నారనీ, అది నిజమేనా అనీ మీరు అడిగారు. బల్లపరుపుగా కుట్టిన తెరచాప విషయంలో అది చాలావరకు నిజమే. పొట్ట వచ్చేలా, అంటే గాలికి వంపుగా ఉబ్బేలా, సరిగ్గా కుట్టిన తెరచాప చక్కగా నడుస్తుంది. రెండూ వాడిన అనుభవంతోనే ఈ మాట చెబుతున్నాను.

నేను చెన్నైలో ఉంటాను. సొంత ఊరు సూళ్లూరుపేట దగ్గర కాబట్టి నా పదిహేను అడుగుల పడవను పులికాట్ సరస్సులో ఉంచుకున్నాను. మొదట కుట్టించిన తెరచాప దుప్పటిలా చదునుగా ఉండేది. స్తంభానికి పక్కతాళ్ల అవసరం లేకపోవడం, గాలి పెరిగినప్పుడు పైకెత్తే తాడును కాస్త వదిలితే చాలు తెరచాప విసనకర్రలా బద్ద మీద బద్దగా మడతపడి కిందికి దిగడం నాకు ఎంతో నచ్చాయి. గాలి వెనుక నుంచో పక్క నుంచో వీచినంతకాలం ఏ లోటూ కనిపించలేదు. అయితే ఒక ఏప్రిల్ మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక దానికి ఎదురుగా తూర్పుకు వెళ్లాలని బయలుదేరినప్పుడు, వల కోసం పాతిన ఒక వెదురు గుంజ మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపించింది. గంటసేపు అటూ ఇటూ మలుపులు తిప్పి చూస్తే మా పక్కన అదే గుంజ, దాని మీద అదే నీటికాకి ఉన్నాయి. చివరికి తెడ్డు వేసుకుంటూ ఒడ్డు చేరాను.

కారణం సులువైనదే. చదును గుడ్డను కొద్దిపాటి కోణంలో గాలికి ఎదురుగా పెడితే దాని వెనుకవైపు గాలి గుడ్డను అంటిపెట్టుకుని పారదు. ముందుకు లాగే బలం తగ్గి పక్కకు నెట్టే బలమే ఎక్కువవుతుంది. పక్షి రెక్కలా వంపు ఉంటే గాలి దాని వెంట బాగా మళ్లుతుంది. చదును తెరచాపలను నేను చిన్నచూపు చూడటం లేదు. 1960లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ నుంచి న్యూయార్క్‌కు ఒంటరిగా అట్లాంటిక్ దాటే తొలి పందెంలో బ్రిటిష్ నావికుడు హాస్లర్ తన ఇరవై అయిదు అడుగుల పడవ జెస్టర్‌ను ఇలాంటి తెరచాపతోనే నడిపి, 48 రోజుల్లో చేరి, గెలిచిన ఫ్రాన్సిస్ చిచెస్టర్ తరువాత రెండో స్థానంలో నిలిచాడు. ఆ తరువాత 1980ల నాటికి కొందరు వంగే బద్దలు వేసి వంపు తెప్పించాలని చూశారు. చిరుగాలిలో వంపు కావలసినప్పుడు ఆ బద్దలు వంగవు, పెనుగాలిలో అక్కర్లేనప్పుడు మాత్రం అతిగా వంగుతాయి. అందుకే బద్దను గట్టిగా, వంపు లేకుండా తిన్నగా ఉంచి, పొట్టను గుడ్డలోనే కుట్టాలన్నది నా గట్టి నమ్మకం.

నేను చేసిన లెక్క ఇది. బద్ద పొడవు రెండున్నర మీటర్లు, రెండు బద్దల మధ్య గడి ఎత్తు 60 సెంటీమీటర్లు. బద్ద పొడవులో 8 శాతం, అంటే 20 సెంటీమీటర్ల పొట్ట కావాలంటే, గడి పై అంచుకూ కింది అంచుకూ ఎనిమిదేసి సెంటీమీటర్ల చొప్పున గుండ్రంగా అదనపు గుడ్డ వదలాలి. ఆ గుండ్రపు అంచును తిన్నని బద్దకు కుట్టినప్పుడు మిగిలిన గుడ్డే గాలికి ఉబ్బుతుంది. ఎక్కువ ఉబ్బు నట్టనడుమ కాకుండా కాస్త ముందు అంచు వైపు ఉండాలి. పై రెండు గడులకు మాత్రం 3, 4 శాతం చాలు, ఎందుకంటే పెనుగాలిలో తెరచాపను దించినప్పుడు మిగిలేవి అవే.

ఈ లెక్కతో చాక్‌పీసు గీతలు గీసి ఒక కార్ఖానాకు ఇస్తే, వాళ్లు ఆ గుండ్రాన్ని నా పొరపాటు అనుకుని అంచులన్నీ కత్తెరతో తిన్నగా కత్తిరించి, డబ్బు పూర్తిగా తీసుకుని పంపించారు. కొలత ఇచ్చినవాణ్ణి ఒక్కమాట అడగకుండా గుడ్డ కోయడం నేటికీ నాకు మింగుడుపడని విషయం. తరువాత చెన్నైలోని ప్యారీస్ కార్నర్ సందుల్లో షామియానాలు కుట్టే ఒక నెల్లూరు పెద్దాయనను పట్టుకున్నాను. ఆయన గీతను వేలితో తడిమి, "ఇది జాకెట్టు పని కదయ్యా, గుండె దగ్గర గుడ్డ వదిలినట్టు వదలాలి, అంతేనా?" అన్నాడు. పుస్తకాలు చదివినవాళ్లకు నేను అరగంట చెప్పినా అర్థం కానిది ఆయనకు ఒక్క చూపులో అర్థమైంది. పలుచని వెదురు బద్దను నేల మీద మేకుల మధ్య వంచి, దాని వెంట గీత గీసి, ఆరు గడులూ రెండు రోజుల్లో కుట్టేశాడు. దారం విషయంలో మాత్రం పట్టుబట్టి ఎండకు తట్టుకునే పాలిస్టర్ దారమే వాడించాను; మన ఎండకు మామూలు దారం గుడ్డ కంటే ముందే చీకిపోతుంది.

మళ్లీ అదే చోట, అదే గాలికి తెరచాప ఎత్తినప్పుడు ఒక్కో గడీ బుగ్గ పూరించినట్టు ఉబ్బింది, వెనుక అంచుకు కట్టిన ఊలు పోగులు తిన్నగా వెనక్కి పారాయి. మూడో మలుపుకే వెదురు గుంజ మా వెనుకకు వెళ్లిపోయింది.

మీరు మొత్తం తెరచాపకు గుడ్డ కొనే ముందు పాత గుడ్డతో ఒక్క గడి కుట్టించి, రెండు అంచులకూ కర్రలు కట్టి, సాయంత్రం మేడ మీద ఇద్దరు పట్టుకుని గాలికి నిలబెట్టి, పొట్ట లోతును కొలిచి చూసుకోండి.